మన రంగును కాచే కావలివాళ్లు

మా ఒంటి రంగు గురించి మాట్లాడని ఊరు లేదు. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే మాకు పేర్లు పెట్టారు. బస్సులోనూ, సంతలోనూ, ఆఫీసు గుమ్మం ముందూ మమ్మల్ని మా రంగుతోనే గుర్తుపట్టారు. అది ఒక పక్క. ఇంకో పక్క, ఒంటి మీద తెల్లమచ్చ వచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోని ఇళ్లు మన గూడేల్లోనే ఉన్నాయి. నలుపు ఎక్కువుందని బయటివాళ్లు నవ్వుతారు. నలుపు పోయిందని మనవాళ్లు జడుస్తారు. ఈ నవ్వుకీ ఆ జడుపుకీ మధ్య, అసలు ఆ రంగు ఎక్కడ పుడుతుంది, ఎవరు తయారుచేస్తారు, దాన్ని ఎవరు కాస్తున్నారు అని అడిగేవాళ్లు తక్కువ.

మేము అంటే గోదావరి ఏజెన్సీలో ఒకే కోయ గూడెం నుంచి చదువుకుని వచ్చిన అయిదుగురం. ఇద్దరం బడిపంతుళ్లం, ఒకరు ఏఎన్ఎం, ఒకరు బీఎస్సీ చదువుతున్నారు, ఒకరు ఊళ్లోనే వ్యవసాయం చేస్తున్నారు. మాలో ఒకరి చెల్లెలికి ఎనిమిదో తరగతిలో ఉండగా కింది పెదవి అంచున బియ్యపు గింజంత తెల్లచుక్క వచ్చింది. ఆరు నెలలు తిరిగేసరికి మోకాళ్ల మీదా, కాలివేళ్ల మీదా వచ్చింది. ఆమె చదువుతున్న ఆశ్రమ పాఠశాలలో తోటి పిల్లలు కంచం పక్కకు జరిపారు. పక్క వేసుకునే చోటు మార్చారు. ఒక పెద్దాయన అది కుష్టు అన్నాడు, పిల్లను ఇంటికి పంపించేయమన్నాడు. ఊళ్లో ఒకరు చేపా పాలూ కలిపి తిన్నదన్నారు, ఒకరు వేల్పుకి కోపం వచ్చిందన్నారు. ఆ పిల్ల సంక్రాంతి సెలవులకి ఇంటికి వచ్చి, మళ్లీ బడికి పోనని మొండికేసింది.

అప్పుడు మేము పుస్తకాలు వెతికాం. తెలిసిన డాక్టర్లను అడిగాం. అర్థం కాని చోట మా సైన్సు టీచర్ల దగ్గరికి పోయాం. అలా తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాం. చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు తమ గూడెంలో చెప్పుకోవడానికి, పంతుళ్లు తరగతిలో చెప్పడానికి పనికొస్తుందని మా ఆశ.

ముందు రంగు సంగతి. మన చర్మం పై పొర కాగితమంత పలుచన. ఆ పొర అడుగున వరసగా కణాలు ఉంటాయి. వాటిలో సుమారు పదింటికి ఒకటి రంగు తయారుచేసే కణం. శాస్త్రంలో దాని పేరు మెలనోసైట్. మనం రంగు కణం అందాం. దీనికి చేతుల్లాంటి కొమ్మలు ఉంటాయి. ఒక్కొక్క రంగు కణం తన చుట్టూ ఉన్న 30 నుంచి 40 మామూలు చర్మకణాలకు ఆ కొమ్మల ద్వారా రంగును పొట్లాలు కట్టి అందిస్తుంది. పొట్లంలో ఉండే రంగు పదార్థం పేరు మెలనిన్. పొట్లం అందుకున్న కణం దాన్ని ఎక్కడ పెట్టుకుంటుందో తెలుసా? తన నడిబొడ్డున ఉన్న కేంద్రకం మీద, ఎండ వచ్చే వైపు. వానలో పోయే మనిషి నెత్తిన తాటాకు గొడుగు పెట్టుకున్నట్టు. కేంద్రకంలో మన పుట్టుక రాత, అంటే డీఎన్ఏ ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని చెడగొట్టకుండా ఈ గొడుగు ఆపుతుంది.

ఇక్కడ ప్రతి పంతులూ పిల్లలకు చెప్పవలసిన మాట ఒకటుంది. తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ రంగు కణాల సంఖ్య ఇంచుమించు సమానమే. తేడా ఆ కణాలు చేసే పనిలో ఉంది. మన కణాలు ఎక్కువ మెలనిన్ చేస్తాయి, పొట్లాలు పెద్దవిగా కడతాయి, అవి తొందరగా చెడిపోకుండా చర్మంలో విడివిడిగా పరుచుకుంటాయి. అందుకే ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్లు నల్లటి చర్మం ఉన్నవాళ్లలో చాలా తక్కువ. పుట్టుకతోనే మెలనిన్ లేకుండా పుట్టిన ఆఫ్రికా పిల్లల్ని చూస్తే ఈ గొడుగు విలువ తెలుస్తుంది. అక్కడి ఎండకి వాళ్లలో చాలామందికి చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్ వస్తుంది. నీనా జబ్లాన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 2000లో ఇంకో మాట కూడా చెప్పారు. కడుపులో బిడ్డ సరిగ్గా పెరగడానికి కావలసిన ఫోలేట్ అనే విటమిన్ ఎండకి చెడిపోతుందనీ, దాన్ని కాపాడుకోవడం కోసమే ఎండ దేశాల మనుషులకు నల్లరంగు నిలిచిందనీ వాళ్ల వాదన. మన రంగు తరతరాల ఎండకి మన పెద్దల ఒళ్లు ఇచ్చిన జవాబు.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే ఈ రంగు ఊరికే రాదు. దాన్ని తయారుచేయడం ప్రమాదమైన పని.

వంకాయ కోసి పెడితే కాసేపటికి నల్లబడుతుంది. అరటికాయ కూడా అంతే. గాలిలోని ఆక్సిజన్ కాయలోని పదార్థాలతో కలవడం వల్ల, రాగి ఉన్న ఒక ఎంజైము దగ్గరుండి ఆ పని చేయించడం వల్ల ఆ నలుపు వస్తుంది. మన రంగు కణంలో జరిగేది ఈ పనికి చుట్టమే. మనం తినే పప్పూ, చేపా, మాంసంలోని మాంసకృత్తుల నుంచి టైరోసిన్ అనే పదార్థం వస్తుంది. టైరోసినేజ్ అనే ఎంజైము, దానిలోనూ రాగే ఉంటుంది, ఆ టైరోసిన్‌ను ఆక్సిజన్‌తో కలిపి అంచెలంచెలుగా మెలనిన్‌గా మారుస్తుంది. ఈ అంచెల్లో కణాన్ని కాల్చే పదార్థాలు కొన్ని పుడతాయి. వాటిలో ఒకటి హైడ్రోజన్ పెరాక్సైడ్. అందుకే ఈ పనంతా కణంలో ఎక్కడ పడితే అక్కడ జరగదు, మూత కట్టిన పొట్లంలోపలే జరుగుతుంది. అయినా కొంత బయటికి కారుతుంది.

పూరిపాకలో కమ్మరి కొలిమి పెట్టుకున్నాడు అనుకోండి. కొలిమి లేకపోతే కొడవలి రాదు, నాగటి కర్రు రాదు. కొలిమి ఉంటే నిప్పురవ్వలు తప్పవు. రంగు కణం బతుకు అలాంటిది. లోపల రంగు చేసే కొలిమి. దానికి తోడు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు ఆక్సిజన్‌ను వాడుకుంటున్నప్పుడు రాలే రవ్వలు. పైనుంచి ఎండ కొడితే ఇంకొన్ని రవ్వలు. ఈ రవ్వలనే శాస్త్రంలో ఫ్రీ రాడికల్స్ అంటారు. ముఖ్యమైన రవ్వ పేరు సూపర్ ఆక్సైడ్, అంటే ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ పట్టుకుని, తిక్కగా తిరిగే ఆక్సిజన్. ఇవి కణం గోడల్లోని కొవ్వును పాడుచేస్తాయి. నిలవుంచిన ఇప్పనూనె కాటు వాసన రావడం చూశాం కదా, అలాంటి పనే. మాంసకృత్తుల్ని వంకర చేస్తాయి. డీఎన్ఏని కొరుకుతాయి. పుట్టే రవ్వలకీ ఆర్పే చేతులకీ తూకం తప్పిన స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు.

మరి ఆర్పే చేతులు ఎవరివి? అవే యాంటీఆక్సిడెంట్ ఎంజైములు. మా శీర్షికలో కావలివాళ్లు అన్నది వాటినే.

మొదటి కావలి సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్. పేరు పెద్దది కాబట్టి ఎస్ఓడీ అంటారు. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు దీని పనిని కనిపెట్టారు. ఇది రెండు సూపర్ ఆక్సైడ్ రవ్వల్ని పట్టుకుని, ఒకదాన్ని మామూలు ఆక్సిజన్‌గానూ, రెండోదాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గానూ మారుస్తుంది. కణం ద్రవంలో ఉండే ఎస్ఓడీకి రాగి, జింకు కావాలి. మైటోకాండ్రియాలో ఉండే దానికి మాంగనీస్ కావాలి. ఎస్ఓడీ పనితో రవ్వ అణగుతుంది కానీ నిప్పు పోదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ మిగిలే ఉంటుంది. అది ఇనుముతో కలిసిందంటే హైడ్రాక్సిల్ అనే ఇంకా చెడ్డ రవ్వ పుడుతుంది. దాన్ని పట్టే ఎంజైము ఏదీ లేదు. కాబట్టి అది పుట్టకముందే పెరాక్సైడ్‌ను వదిలించుకోవాలి.

అది రెండో కావలి పని. దాని పేరు కేటలేజ్. దాని నడుమ ఇనుము ఉంటుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీళ్లుగానూ ఆక్సిజన్‌గానూ విడగొడుతుంది. నిప్పును నిజంగానే నీళ్లు చేసే కావలి ఇది. ఒక్క కేటలేజ్ అణువు సెకనుకి పది లక్షలకు మించి పెరాక్సైడ్ అణువుల్ని విడగొట్టగలదు. ఇంత వేగంగా పనిచేసే ఎంజైములు లోకంలో తక్కువ.

మూడో కావలి గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్. దీనికి సెలీనియం కావాలి. కేటలేజ్ పెద్ద మంటను ఆర్పితే, ఇది మూలమూలల్లో మిగిలిన చిన్న చిన్న నిప్పుల్ని ఆర్పుతుంది. కాటు పట్టిన కొవ్వును కూడా బాగుచేస్తుంది. ఇది పనిచేసే ప్రతిసారీ గ్లూటాథయోన్ అనే సాయకుడు ఖర్చవుతాడు. ఆ సాయకుణ్ణి మళ్లీ పనికి తయారుచేసే యంత్రాంగం వేరే ఉంది. దాని సంగతి కిందకి వస్తుంది, అది మన ఏజెన్సీకి చాలా దగ్గర సంగతి.

కావలివాళ్లను పిలిచేవాడు కూడా ఒకడున్నాడు. వాడి పేరు ఎన్ఆర్ఎఫ్-2. మామూలు రోజుల్లో కీప్-1 అనే ఇంకో మాంసకృత్తు వాణ్ణి పట్టి ఉంచుతుంది. రవ్వలు పెరిగాయంటే ఆ పట్టు వదులవుతుంది. వెంటనే వాడు కేంద్రకంలోకి పోయి కావలి ఎంజైములు తయారయ్యే జన్యువుల్ని లేపుతాడు. అడవికి నిప్పంటుకుంటే డప్పు కొట్టి గూడెమంతటినీ లేపినట్టు. ఆ డప్పు మోగడం ఆలస్యమైనా, మోగాక వచ్చే చేతులు తక్కువైనా, కాలిపోయేది ముందుగా రంగు కణమే. ఎందుకంటే కొలిమి ఉన్నది దాని ఇంట్లోనే.

ఈ పాఠాన్ని చూపించడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. మందుల షాపులో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా దొరుకుతుంది. మూడు గాజు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోయండి. ఒకదానిలో పచ్చి బంగాళాదుంప ముక్క, ఒకదానిలో ఉడకబెట్టిన ముక్క, ఇంకోదానిలో కోడి కార్జం చిన్న ముక్క వేయండి. పచ్చిముక్క మీద నురగ వస్తుంది. కార్జం మీద ఇంకా ఎక్కువ పొంగుతుంది. ఉడికిన ముక్క మీద ఏమీ రాదు, ఎందుకంటే వేడికి కేటలేజ్ చచ్చిపోయింది. పొంగే నురగ దగ్గరికి ఆర్పిన అగరుబత్తి కొసను, నిప్పు ఇంకా ఎర్రగా ఉండగానే, తెస్తే అది భగ్గున ఎర్రబడుతుంది. బయటికి వస్తున్నది ఆక్సిజన్ అని తెలుస్తుంది. పెరాక్సైడ్ పోసే పని పంతులే చేయాలి, కళ్లల్లో పడకూడదు. మా బడిలో ఈ ప్రయోగం చేసిన రోజున ఒక పిల్లవాడు, ఉడికిన ముక్కను చూపించి, 'సార్, దీని కావలివాడు చచ్చిపోయాడా' అని అడిగాడు. పాఠం అంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఇప్పుడు బొల్లి దగ్గరికి వద్దాం. లోకంలో నూటికి ఒకరి వరకూ ఈ మచ్చలు వస్తాయని అంచనా. అన్ని జాతులకీ, అన్ని రంగులకీ వస్తుంది. తెల్లవాళ్లలో అంతగా కనిపించదు, మనలో దూరం నుంచే కనిపిస్తుంది. సుమారు సగం మందికి 20 ఏళ్లలోపే మొదలవుతుంది. అంటే బడిలో, హాస్టల్లో ఉండే వయసులోనే. మచ్చ ఉన్నచోట రంగు కణాలు చచ్చిపోయి ఉంటాయి. చర్మం మిగతా పనులన్నీ మామూలుగానే చేస్తుంది.

ఎందుకు చచ్చిపోతాయి? జర్మనీకి చెందిన కారిన్ షాల్‌రాయిటర్, ఆమె తోటివాళ్లు 1991లో ఒక సంగతి ప్రకటించారు. బొల్లి ఉన్నవాళ్ల చర్మం పైపొరలో కేటలేజ్ తక్కువగా ఉంది. మచ్చ ఉన్నచోటే కాదు, మంచిగా కనిపించే చర్మంలో కూడా తక్కువే. తర్వాత అదే బృందం, బొల్లి చర్మంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరుకుని ఉందని చూపించింది. పెరాక్సైడ్ మరీ ఎక్కువైతే కేటలేజ్‌నే చెడగొడుతుంది. నిప్పు ఆర్పడానికి వచ్చినవాణ్ణే నిప్పు పడగొట్టినట్టు. అక్కడినుంచి పని చెయ్యి దాటిపోతుంది.

అయితే కథ అక్కడితో ఆగదు. రవ్వలకు దెబ్బతిన్న రంగు కణం తన లోపలి ముక్కల్ని బయటికి చూపుతుంది, ఆపద అని కేక వేస్తుంది. ఆ కేకకి ఒంట్లోని రోగనిరోధక సైన్యం వస్తుంది. ముఖ్యంగా సీడీ-8 అనే టీ కణాలు. అవి రంగు కణాన్నే శత్రువు అనుకుని చంపుతాయి. ఒకసారి ఆ పొరపాటు నేర్చుకున్నాక వేరే చోట్ల ఉన్న మంచి రంగు కణాల్ని కూడా వెతుక్కుంటూ పోతాయి. కొందరికి పుట్టుకతో వచ్చిన జన్యువుల వల్ల ఈ పొరపాటు తొందరగా జరుగుతుంది. అలాగని వంశంలో ఉంటేనే వస్తుందని కాదు. బొల్లి ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇంట్లో ఇంకెవరికీ ఉండదు. కాబట్టి కావలి ఎంజైముల బలహీనత, పుట్టుక, నిరోధక సైన్యం పొరపాటు, ఈ మూడూ కలిస్తేనే బొల్లి. అంటుకోవడానికి ఇందులో క్రిమి ఏదీ లేదు. చేపా పాలూ కాదు, పులుపూ కాదు, వేల్పు కోపమూ కాదు.

కుష్టుకీ దీనికీ తేడా ప్రతి హాస్టల్లోనూ తెలిసి ఉండాలి. బొల్లి మచ్చ సున్నం పూసినట్టు పాల తెలుపు. దూదితోనో, కోడి ఈకతోనో తాకితే స్పర్శ మామూలుగా తెలుస్తుంది. కుష్టు మచ్చ పూర్తి తెలుపు కాదు, చుట్టూ ఉన్న రంగు కంటే పాలిపోయినట్టో, ఎర్రగానో ఉంటుంది. దానిమీద స్పర్శ మొద్దుబారుతుంది. కుష్టు క్రిమి వల్ల వచ్చే జబ్బే అయినా, దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, వాడితే పూర్తిగా నయమవుతుంది. మందు వాడుతున్న మనిషిని దూరం పెట్టవలసిన పని లేదు. కుష్టును విడాకులకు కారణంగా చూపించే మాటను కూడా 2019లో పార్లమెంటు చట్టాల్లోంచి తీసేసింది. కాబట్టి 'అది కుష్టు కాదు, బొల్లి' అని చెప్పి ఒకరిని కాపాడి, ఇంకొకరిని తోసేయడం కూడా న్యాయం కాదు. వీపు మీద, మెడ మీద పొట్టులా రాలే శోభి మచ్చలు ఇంకొకటి. అవి బూజు జాతి వల్ల వస్తాయి, పూతమందుతో పోతాయి. ఏ మచ్చ ఏదో తేల్చవలసింది డాక్టరు. కంచం పక్కకి జరిపే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

మా చెల్లెలి విషయానికి వస్తే, ఆమెకి కాళ్ల మీద మచ్చలు చెప్పు పట్టీ రాసుకునే చోటే మొదలయ్యాయి. అందులో వింత లేదు. బొల్లి ఉన్న ఒంటికి గాయమైన చోట, ఒరిపిడి ఉన్న చోట కొత్త మచ్చలు వస్తుంటాయి. పైగా కొన్ని రసాయనాలు చూడటానికి టైరోసిన్‌లా ఉంటాయి. రంగు కణం వాటిని టైరోసిన్ అనుకుని కొలిమిలో వేసుకుంటుంది, అప్పుడు మామూలుకంటే చెడ్డ రవ్వలు లేస్తాయి. 1939లో అమెరికాలో ఒక తోళ్ల కర్మాగారంలో రబ్బరు తొడుగులు వేసుకున్న కార్మికుల చేతులు తెల్లబడ్డాయి. ఆ రబ్బరులో కలిపిన మందే కారణమని తేలింది. బొట్టుబిళ్ల జిగురు వల్ల నుదుట తెల్లమచ్చ పడ్డ ఆడవాళ్లు మన దేశంలో ఉన్నారు. జపాన్‌లో తెల్లబరిచే క్రీముల్లో రోడోడెండ్రాల్ అనే పదార్థం వాడితే, వేలమందికి ముఖం మీదా మెడ మీదా మచ్చలు వచ్చాయి. 2013లో ఆ సరుకును వెనక్కి తీసుకున్నారు. తెల్లబడాలని పూసుకున్నది రంగు కణాన్నే చంపింది.

ఇది మన సంతల దగ్గర గట్టిగా చెప్పవలసిన మాట. దుప్పటి పరిచి అమ్మే తెల్లబరిచే ట్యూబుల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది, కొన్నింటిలో పాదరసం ఉంటుంది. స్టెరాయిడ్ పూసుకున్న ముఖం మొదటి వారాల్లో మెరుస్తుంది. తర్వాత చర్మం పలుచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు లేస్తాయి, ఎండలోకి పోతే మంట. మానేస్తే ఇంకా ఎక్కువవుతుంది. పాదరసం టైరోసినేజ్ పనిని ఆపుతుంది. అంతటితో ఊరుకోదు. గ్లూటాథయోన్‌కీ సెలీనియంకీ అతుక్కుని మూడో కావలివాడి చేతులు కట్టేస్తుంది. చర్మంలోంచి రక్తంలోకి పోయి మూత్రపిండాల్ని పాడుచేస్తుంది. పెళ్లిచూపుల కోసం ఈ ట్యూబులు కొనే అక్కచెల్లెళ్లకి మేము చెప్పేది ఒక్కటే. మీ ముఖంలో పనిచేస్తున్నవాళ్లని డబ్బులిచ్చి చంపించుకోకండి.

వైద్యం ఉందా అంటే ఉంది. అందరికీ పూర్తిగా పోతుందని ఎవరూ మాట ఇవ్వలేరు కానీ, చాలామందికి మచ్చలు పెరగడం ఆగుతుంది, రంగు కొంతో చాలావరకో తిరిగి వస్తుంది. డాక్టరు చూపులో వాడే స్టెరాయిడ్ పూతలు, టాక్రోలిమస్ పూత, 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి చికిత్స ఉన్నాయి. మచ్చలు కదలకుండా ఆగిపోయినవాళ్లకి మంచి చోటునుంచి రంగు కణాల్ని తెచ్చి నాటే శస్త్రచికిత్స ఉంది. 2022లో అమెరికా ప్రభుత్వం రుక్సోలిటినిబ్ అనే పూతమందుని బొల్లికి అనుమతించింది. అది టీ కణాల పొరపాటు కేకని తగ్గిస్తుంది. కేటలేజ్ లాంటి పని చేసే పూతని కూడా కొందరు తయారుచేసి చూశారు, దాని ఫలితాలు అందరి చేతుల్లో ఒకేలా రాలేదు. యాంటీఆక్సిడెంట్ మాత్రలు మింగితే బొల్లి పోతుందని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. బయటినుంచి మింగే మాత్ర వేరు, కణం తనంతట తయారుచేసుకునే ఎంజైము వేరు.

రంగు తిరిగి రావడం ఎలా ఉంటుందో పోడు చేసినవాళ్లకి తొందరగా అర్థమవుతుంది. చెట్టు నరికేసినా మోడు బతికుంటే వానకి చిగురు వేస్తుంది. మన వెంట్రుక మొదట్లో రంగు కణాల విత్తనం ఉంటుంది. చికిత్స పట్టినప్పుడు తెల్లమచ్చలో వెంట్రుకల చుట్టూ ముందుగా చిన్న చిన్న నల్లచుక్కలు పడతాయి. అవే పెరిగి కలుస్తాయి. మచ్చ మీది వెంట్రుకలు కూడా తెల్లబడిపోయాయంటే విత్తనం కూడా పోయిందని, రంగు రావడం కష్టమని గుర్తు. వెంట్రుకలు లేని పెదవుల మీద, వేళ్ల కొసల మీద ఆలస్యం అందుకే. కాబట్టి మచ్చ చిన్నగా ఉన్నప్పుడే చూపించుకోవడం మేలు. మా పెద్దలు బావంచాల గింజలు నూరి పూసి ఎండలో కూర్చోబెట్టేవారు. ఆ గింజల్లో సోరాలెన్ అనే పదార్థం ఉందనీ, అది ఎండతో కలిసి రంగు కణాల్ని లేపుతుందనీ శాస్త్రం కూడా ఒప్పుకుంది. కానీ మోతాదు తప్పితే అదే పూత బొబ్బలు లేపుతుంది, బొబ్బ లేచినచోట బొల్లి ఇంకా పెరగవచ్చు. పెద్దల తెలివిని గౌరవిస్తూనే, ఈ పని డాక్టరు చూపులో చేయించుకోమంటాం.

మా చెల్లెలికి కాంతి చికిత్స వారానికి రెండుసార్లు, నెలల తరబడి చేయించాలన్నారు. గూడెం నుంచి ఆ ఆసుపత్రికి పోను ఒక పూట, రాను ఒక పూట. బస్సు ఛార్జీలు, పోయే కూలి. అందుకే ఆమెకి పూతమందే దిక్కయింది. మోకాళ్ల మీద చాలావరకు రంగు వచ్చింది, పెదవి మీద రాలేదు. ఆమె ఆ పెదవితోనే ఇంటర్ పూర్తిచేసింది. ఏజెన్సీ ఆసుపత్రుల్లో ఈ కాంతి పెట్టె ఒకటి పెడితే ఎంతమంది పిల్లల బతుకు తేలికవుతుందో అడగవలసిన బాధ్యత మన సంఘాలది.

ఇందాక కిందకి వస్తుందన్న సంగతి ఇప్పుడు చెప్పాలి. గ్లూటాథయోన్‌ను మళ్లీ పనికి తయారుచేయడానికి ఎన్ఏడీపీహెచ్ అనే పదార్థం కావాలి. ఎర్ర రక్తకణాల్లో దాన్ని అందించేది జీ6పీడీ అనే ఎంజైము. మలేరియా ఎక్కువగా ఉన్న చోట్లలో, ఆదివాసీ గూడేల్లో కూడా, కొందరికి పుట్టుకతోనే ఈ ఎంజైము తక్కువ. మామూలుగా వాళ్లకి ఏ ఇబ్బందీ తెలియదు. మలేరియాకిచ్చే ప్రైమాక్విన్ మాత్ర వేసుకుంటే రక్తకణాల్లో రవ్వలు లేస్తాయి. ఆర్పే చెయ్యి లేక కణాలు పగిలిపోతాయి. ఈ లోపాన్ని 1956లో ప్రైమాక్విన్ వల్లే కనిపెట్టారు. మాత్ర వేసుకున్నాక మూత్రం నల్లగా వస్తే, కళ్లు పచ్చబడితే, ఆయాసం వస్తే మాత్ర ఆపి వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. అలాగని భయపడి జ్వరం మాత్రలు పారేయకూడదు. ముందే జీ6పీడీ పరీక్ష అడగాలి. చర్మంలో రంగు కణాన్ని కాచే గొలుసూ, రక్తంలో ఎర్రకణాన్ని కాచే గొలుసూ ఒకటే కులం.

పంతుళ్లకి మా విన్నపాలు మూడు. జూన్ 25 ప్రపంచ బొల్లి దినం. బడులు తెరిచిన కొత్తలోనే వస్తుంది కాబట్టి ఆ రోజు బంగాళాదుంప ప్రయోగం చేసి ఈ పాఠం చెప్పండి. తెల్లమచ్చ ఉన్న పిల్లని పేరుపెట్టి నిలబెట్టి కాదు, అందరి చర్మం గురించీ చెప్పండి. రెండోది, మచ్చ కనిపిస్తే తాకి చూడండి, ఆరోగ్య పరీక్షలకు వచ్చే బృందానికి చూపించండి. బొల్లి ఉన్న పిల్లలకి థైరాయిడ్ పరీక్ష కూడా చేయించమనండి, ఈ రెండూ ఒకే మనిషిలో కనిపించడం ఎక్కువ. రంగు లేని చోట ఎండ తొందరగా కాలుస్తుంది కాబట్టి ఆటల గంటలో పొడుగు చేతుల చొక్కా వేసుకోనివ్వండి. మూడోది, భోజనాల దగ్గర ఆ పిల్లల పక్కన మీరు కూర్చోండి. మీరు ఒక్కరోజు కూర్చుంటే చాలు, మర్నాటికి పిల్లలు తమంతటతామే జరిగి వస్తారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ రంగును ఎవరైనా వెక్కిరిస్తే తల దించకండి. ఆ రంగు కింద రాత్రీ పగలూ కొలిమి నడుస్తోంది, దాని చుట్టూ కావలి తిరుగుతోంది. ఎవరి ఒంటిలోనైనా ఆ కావలి ఓడిపోయి తెల్లమచ్చ పడితే, వాళ్లకి కావలసిన కావలి మనమే. గూడెంలో మొదటి మాట మీరు మాట్లాడండి. అది అంటదని చెప్పండి, చెప్పి వాళ్ల కంచంలో చెయ్యి పెట్టండి.